పెనుకొండలో ఎక్కే మనిషికి

పోయిన వారం మీరు నన్ను పెనుకొండ స్టేషన్లో సిమెంటు బెంచీ మీద, ఒళ్ళో మూత తీసిన క్యారియరుతో వదిలేసి పోయారు. నేనింకా అక్కడే ఉన్నాను.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్తాను. నా పేరు మారుతి. ధర్మవరంలో ఎనిమిదో తరగతితో బడి మానేసి, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని సగం వయసు గడిపి, ఆఖరికి హిందూపురంలో ఒక నూలు మిల్లు ఆఫీసులో కుర్చీ సంపాదించుకున్నవాణ్ణి. టపాలు విప్పడం, ముద్రలు కొట్టడం, ఏ కాగితం ఏ సారుకు పోవాలో ఆ సారుకు చేర్చడం నా పని. ఒకటే టేబులు, అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. కిటికీ వైపు నేను, గోడ వైపు పెనుకొండ నారాయణన్న. తర్వాత కరోనా వచ్చింది. పెద్ద సార్లను ఇంట్లో కూర్చుని పని చెయ్యమన్నారు. మమ్మల్ని ఇంట్లో కూర్చోమన్నారు. చదువుకున్నవానికీ చదువుకోనివానికీ తేడా అంతే. రెండోసారి జబ్బు ఊళ్ళ మీద పడినప్పుడు నారాయణన్న పోయాడు. నేను మళ్ళీ గుంటలో దిగాను. రెండేళ్ళ తర్వాత, శుక్రవారం లోపల వస్తే రా, రాకుంటే నీ ఇష్టం అని మా సెక్షను చూసే బసవరాజు సారు ఫోను.

సోమవారం రైలెక్కాను. ఎక్కీ ఎక్కగానే నా చెయ్యి నన్నడగకుండా ఎదురు సీటు మీద తువ్వాల పరిచేసింది. పోయిన మనిషికి సీటు పెట్టాను! పెనుకొండ వచ్చేసరికి గుండెకాయను ఎవరో గుప్పిట్లో పట్టుకున్నట్టయి దిగిపోయాను. మంగళవారమూ అంతే. బుధవారమూ అంతే. ఇంట్లో నా పెండ్లాం మంజులతకు మాత్రం ఆఫీసుకు పోయొచ్చానని చెప్తున్నాను. ఆ బుధవారం పొద్దునే, ముందు పెట్టుకున్న బొరుగుల ఉగ్గాని గొంతు దిగక కూర్చున్నప్పుడు, నా ఎదురుగా రెండు పాదాలు వచ్చి నిలబడ్డాయి.

"ఏమప్పా మారుతీ, ఆఫీసు ఈడికే వచ్చిందా ఏంది?"

తలెత్తి చూశాను. అంజనమ్మ. నారాయణన్న భార్య.

మనిషి చిక్కింది. కానీ చీర కుచ్చిళ్ళు కత్తిలా పెట్టుకుని, జడ గట్టిగా అల్లుకుని, భుజాన సంచీ వేసుకుని ఉంది. నేను లేవబోయాను. ఒళ్ళోని క్యారియరు మూత జారి గణగణమంటూ ప్లాట్‌ఫారం మీద దొర్లింది. ఆమె వంగి తీసి, కొంగుతో తుడిచి ఇచ్చింది.

"కూర్చో వదినా."

"కూర్చుంటాలే. తింటాండావా, తిన్నట్టు యాక్షన్ చేస్తాండావా?"

బెంచీకి ఆ చివర కూర్చుంది. క్యారియరులోకి తొంగి చూసింది. "ఉగ్గాని బాగుండాదే. ఊరిబిండి యాడ?"

"చిన్న డబ్బాలో ఉండాది."

"మూత కూడా తియ్యలే."

"అది నేను తిననొదినా. అది అన్న వంతు."

మాట నోట్లోంచి జారాక గానీ తెలియలేదు. మంజులత నూరే ఊరిబిండి పచ్చడి మీద నారాయణన్న ఇంట్లో ఎన్ని గొడవలు జరిగాయో ఆమెకు తెలుసు. 'మారుతి పెండ్లాం నూరినట్టు నువ్వు నూరలేవు' అని ఒకసారి అన్నందుకు, రెండు దినాలు ఆమె ఆయనకు ఉత్త మజ్జిగన్నం కట్టిచ్చింది. ఆ రెండు దినాలూ ఆయన్ను ఏడిపించడం మా రైలుపెట్టెలో పండగే.

ఇక్కడ తువ్వాల సంగతి చెప్పాలి. నెలపాసు మీద రోజూ తిరగనివాళ్ళకు అదొక గుడ్డముక్క. మాకు కాదు. పొద్దున ప్యాసింజరు ధర్మవరంలోనే పుడుతుంది, ఖాళీ పెట్టెలు వచ్చి నిలబడతాయి. ముందెక్కినవాళ్ళం మేము కూర్చుని, దారిలో ఎక్కబోయే మావాళ్ళ కోసం పక్క సీట్ల మీద తువ్వాలలు పరుస్తాం. తువ్వాల పడిన సీటును ఎవరూ అడగకూడదు. అదొక చట్టం. ఏ పుస్తకంలోనూ రాయలేదు, అందుకేనేమో అందరూ దానికి విలువిచ్చేవాళ్ళు.

నాది ఎర్రంచు తువ్వాల. దాని కొన ఒకటి కిటికీ ఊచల్లోంచి బయటికి వదిలేవాణ్ణి. పెనుకొండలో రైలు ఆగేది రవ్వంతసేపు. ఆ జనంలో ఏ పెట్టెలో ఉన్నామని వెతుక్కుంటాడు పాపం! గాలికి ఆడే ఆ ఎర్రంచు చూసి నారాయణన్న లుంగీ కట్టుకున్నవాడిలా కాళ్ళు ఎడం చేసుకుని పరుగెత్తుకొచ్చేవాడు. వచ్చి ఎక్కుతాడా? ఎక్కడు. బయటి నుంచి ఆ కొన పట్టుకుని లాగుతాడు. లోపల తువ్వాల జారి నా మోకాళ్ళ మీద పడుతుంది. అప్పుడు నేను, "ఎవుడ్రా అది, సంతలో గొర్రె తాడు లాగినట్టు లాగుతాండేది?" అని అరవాలి. అరిస్తేనే ఎక్కేది. ఒకసారి అలిగి నేను అరవలేదు. రైలు కదులుతున్నా ఆయన కొన పట్టుకునే పక్కన నడుస్తున్నాడు. పెట్టెలో వాళ్ళంతా నన్ను తిట్టారు. అరిచాను. అప్పుడెక్కాడు, నవ్వుకుంటూ.

ఎక్కి కూర్చున్నాక, రైలు ఊరు దాటేటప్పుడు కిటికీలోంచి కొండ వైపు తిరిగి, "పోయొస్తాం సామీ, ఇల్లు చూసుకో" అని చెప్పేవాడు. రోజూ. కొండమీద దేవునికో, పాడుబడిన కోటకో, ఉత్త కొండకో, ఎవరికి చెప్పేవాడో నేనెప్పుడూ అడగలేదు. తర్వాత ఆ తువ్వాలే మా ఇద్దరి మోకాళ్ళ మీద అన్నాల బల్ల అయ్యేది. నా ఉగ్గాని, ఆయన రొట్టె. హిందూపురం వచ్చేదాకా మాకు పైన ఏ సారూ లేడు. జీవితంలో నేను మనిషిలా బతికిన గంట ఏదంటే అదే. ఆఫీసులో కూర్చున్నది కుర్చీ కోసం. రైల్లో కూర్చున్నది కూర్చోవడం కోసం.

"సోమారం నేను చూస్తి," అంది అంజనమ్మ ఉన్నట్టుండి.

"ఏంది?"

"తువ్వాల కొన. ఈడనే, ఆ నీళ్ళ కొళాయి కాడ నిలబడి ఉంటిని. రైలు వస్తానే కిటికీలో ఎర్రంచు ఆడతాండాది. ఆ కిటికీ కాడికి ఉరికితి. లోపల చూస్తే సీటు మీద తువ్వాల ఉండాది, మనిషి లేడు. నువ్వు ఇంగో వాకిలి నుంచి దిగి ఈ బెంచీ కాడికి నడుస్తాండావు. గార్డు ఈల వేసేదాంక ఆగి, మల్ల కిటికీ కాడికి పరుగెత్తి తువ్వాల లాక్కుంటివి. దొంగ మాదిరి."

నాకు చెవులు కాలాయి. "చూసి పిలవలేదే వదినా?"

"పిలవలే."

"నువ్వు ఈ టయానికి స్టేషన్లో ఎందుకుండావు? యాడికి పోతాండావు?"

ఆమె భుజం మీది సంచీని ఒళ్ళోకి తీసుకుంది. జిప్పు సగమే వేసి ఉంది. అందులోంచి నీలం తాడు ఒకటి బయటికి వేలాడుతోంది. ఆ నీలం నాకు తెలుసు. ఇంట్లో మేకుకు రెండేళ్ళు వేలాడదీసుకుని, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చూసుకున్నాను. మా మిల్లు కార్డు తాడు.

"వదినా..."

"దసరా నుంచీ పోతాండా. ఆయన పేరు చెప్పి అడిగితే, టెంపరవరీ కింద పెట్టుకున్నారు."

"యా సెక్షను?"

"నీదే."

"అన్న కుర్చీలోనా?"

"ఆయన కుర్చీ యాడుండాది? ఒకటి తీసి బయట పారేసినారు. ఇప్పుడుండేది ఒకటే. కిటికీ పక్కది."

కిటికీ పక్కది నాది. ఎడమ ముందు కాలు పొట్టి. దాని కింద అట్టముక్క మడిచి పెట్టింది నేను. వేసవిలో ఆ కిటికీలోంచి వేపచెట్టు గాలి వస్తుంది. మగ్గం గుంటలోంచి లేచి నేను ఎక్కగలిగిన ఎత్తు ఈ లోకంలో అదొక్కటే. ఇప్పుడు ఈమె... నోటి దాకా చెడ్డ మాటలు వచ్చాయి. ఇంకొకరైతే అనేసేవాణ్ణి.

"బసవరాజు సారు నీతో ఏం చెప్పినాడు?" అన్నాను.

"మారుతి శుక్రారం లోపల రాకుంటే నీది పర్మినెంటు. వస్తే నువ్వు పని వదిలి పోవల్ల. ఇద్దరికీ జాగా లేదు. ఇంతే చెప్పినాడు."

ప్లాట్‌ఫారం మీద ఒక మేక అరటితొక్క నములుతోంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. నేను భయపడి దిగిపోయిన ప్రతి పొద్దూ ఈమెకు ఒక మెట్టు. ఇంకో రెండు పొద్దులు నేనిట్లే ఈ బెంచీ మీద కూర్చుంటే చాలు, ఈమె ఒక మాట అనాల్సిన పని లేదు.

"మరి నాకెందుకు చెప్పేదానికి వస్తివి? నేను ఈడ కూర్చునుంటే నీకే మంచిది కదా?"

"మంచిదే. దాచేదేముంది?" అంజనమ్మ నా వైపు తిరిగింది. "సోమారం నువ్వు దిగితే ఏందో పనుండాదిలే అనుకుంటి. మంగళారం దిగితే తెలిసిపోయె. సంతోషపడితి. రైల్లో కమ్మీ పట్టుకుని నిలబడి మొక్కుకుంటి కూడా. సామీ, వీడు శుక్రారం దాంక ఇట్లనే దిగిపోనీ అని. ఇంట్లో ముసలామె ఉండాది, పిల్లది కాలేజీలో ఉండాది, నేనేం తప్పు మొక్కు మొక్కలేదు."

"తప్పని నేనెప్పుడంటి?"

"ఉండప్పా, చెప్పనీ. ఈ పొద్దు కూడా అదే అనుకుని వస్తి. రైలు వచ్చె. మల్ల ఆ కొన కనపడె. వీడు మూడు దినాల నుంచి మా ఆయనకు సీటు పెడతాండాడు, నేను వీని సీటు పోవాలని మొక్కుతాండా... కాలు పైకి లేయలే. రైలు పోయె. నేను నిలబడిపోతి."

ఆమె ముక్కు తుడుచుకుని, ఏమీ జరగనట్టు నా క్యారియరులోంచి పిడికెడు ఉగ్గాని తీసుకుంది. "ఉప్పు రవ్వంత ఎక్కువాయె," అంది.

"మంజులతకు చెప్తాలే."

"చెప్పు, చెప్పు. నాకూ ఒక గెలుపు ఉండల్ల కదా." తింటూనే అడిగింది: "ఇంతకూ దేనికప్పా భయం? బసవరాజు సారంటేనా? ఆయప్ప అరుస్తాడు గానీ కరవడు."

ఎవరికీ చెప్పలేదు. మంజులతకు కూడా. పట్టాలను చూస్తూ చెప్పాను.

"సారంటే కాదొదినా. రెండేళ్ళు నేను మనుషులతో మాట్లాడలే. మగ్గం చప్పుడులో మాట్లాడేదానికి ఏముంటాది? ఆఫీసుకు రమ్మన్నాక, పోతే ఏం మాట్లాడల్లో అని, మగ్గం ముందర నిలబడి 'గుడ్ మార్నింగ్ సార్' అని చెప్పి చూస్తిని. గొంతు రాలే. మగ్గం ముందరే రాకుంటే సారు ముందర ఏం వస్తాది? బూట్లు తొడిగితే కాళ్ళు వేరేవాళ్ళవి అనిపిస్తాండాయి. అందరూ నా పక్క చూసి, ఇంగా బతికే ఉండావా అన్నట్టు... ఆ టేబులు కాడ అన్న కుర్చీ ఖాళీగా ఉంటాది, దాని ఎదురుగా పొద్దుగూకులూ కూర్చోవల్ల. పెనుకొండ రాగానే అదే కండ్లముందుకు వస్తాది. ఊపిరాడదు."

"ఖాళీ ఏం లేదప్పా. కుర్చీనే లేదు అంటి కదా." ఆమె నవ్వింది. నవ్వేటప్పుడు నారాయణన్న ఇంటి మనిషే అనిపించింది. "నాకు లేదనుకుంటివా భయం? నేను ఇంటి గడప దాటి ఎరగను. మొదట్లో ముద్ర తలకిందులుగా కొట్టి, ఆడపిల్లోళ్ళంతా నవ్వితే, బాత్‌రూములో పోయి ఏడిస్తి. ఇప్పటికీ దినామూ భయమే. పెనుకొండలో ఎక్కినప్పటి నుంచి మలుగూరు దాంక భయపడతా. హిందూపురంలో దిగినాక భయపడేదానికి టయిము యాడుంటాది? ఇంటికొచ్చినాక ఇంటిపని. కాబట్టి నా భయమంతా రైల్లోనే అయిపోవల్ల. అదీ నిలబడి."

"నిలబడా?"

"మరి? దసరా నుంచీ నిలబడే పోతాండా. ఎక్కేతలికి పెట్టె నిండిపోయింటాది. నాకు ఎవురు పెడతారు సీటు?"

నేను క్యారియరును ఆమె వైపు జరిపాను.

"ఆయన సాయంత్రం ఇంటికొస్తే, ఆఫీసులో ఏం చేస్తివయ్యా అని అడిగితే, ఏముంది అనేవాడు. రైలు సంగతి మాత్రం అన్నం తిన్నంతసేపూ చెప్పేవాడు. మారుతి తువ్వాల ఏసినాడు, మారుతి ఇట్ల అరిసినాడు అని. ఆ సీటు గురించి ఇన్ని ఏండ్లు వింటినే, ఒక్కసారన్నా దాంట్లో కూర్చోలే నేను." సంచీ జిప్పు పూర్తిగా వేసుకుని లేచింది. "రేపు తువ్వాల ఏసేది ఎట్లాగూ ఏస్తావు. ఆయనకు వద్దు. నాకు ఎయ్యి."

"నేనొస్తే నీ పని పోతాది వదినా."

"అది శుక్రారం మాట. నేను రేపటి మాట చెప్తాండా."

రోడ్డు మీద హిందూపురం బస్సు హారను వినిపించింది. ఆమె గబగబా నడిచి వెళ్ళిపోయింది. ఊరిబిండి డబ్బా మూత తీయకుండానే నేను సాయంత్రం ఇంటికి చేరాను.

గురువారం పొద్దున మంజులత క్యారియరు కడుతోంది. "రవ్వంత ఎక్కువ పెట్టు," అన్నాను. "నారాయణన్న ఇంటామె కూడా వస్తాంది."

ఆమె చెయ్యి ఆగింది. నా మొహం చూడకుండా, ఊరిబిండి డబ్బాను రుమాలులో మూటకట్టి పైన పెట్టింది. "మూడు దినాలుగా ఈ డబ్బా మూత తియ్యకుండానే తెస్తాంటివి. ఆఫీసులో కూర్చుని తిన్న మనిషి చొక్కా ఇట్ల ఉండదు, వీపు నిండా సిమెంటు దుమ్ము. నేనేమన్నా అడిగితినా?" అంది. "పో. ఈ పొద్దన్నా మూత తీయించుకుని రా."

అన్నీ తెలిసిన మనిషి ఇంట్లో ఉంటే మగవానికి అబద్ధం చెప్పే సుఖం కూడా దక్కదు.

రైలు నిలబడి ఉంది. పాత పెట్టె, పాత కిటికీ. కమ్మీ పట్టుకుని ఎక్కాను. ఎదురు సీటు మీద ఎర్రంచు తువ్వాల పరిచాను. ఈసారి చెయ్యి నన్ను అడిగే చేసింది. కొన ఊచల్లోంచి బయటికి వదిలాను.

కొత్తచెరువు దాటేసరికి పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. హిందూపురం సంతకు చింతపండు మూట నెత్తిన పెట్టుకుని ఆదెమ్మ అనే ముసలామె నా ముందు నిలబడింది. పాత రోజుల నుంచీ ఎరిగిన మొహమే. మూట దించి, తువ్వాల వైపు చూసి, నా వైపు చూసింది.

"ఎవురికప్పా ఇది?"

"పెనుకొండలో ఎక్కుతారు."

"సోమారమూ అదే చెప్తివి. పెనుకొండలో ఎవురూ ఎక్కలే, నువ్వే దిగిపోతివి. సీట్లేమో కుర్రోళ్ళు ఉరికి పట్టుకునిరి. నేను హిందూపురం దాంక నిలబడితి. నీకేమన్నా తిక్కనా?"

చుట్టూ నవ్వారు. ఎవరో కుర్రాడు తువ్వాల అంచు ఎత్తి చూశాడు, కింద మనిషి ఉన్నాడేమోనన్నట్టు. వేరే రోజైతే లేచి ఆమెకే ఇచ్చేసేవాణ్ణి. ఆ నవ్వుల మధ్యలోనే నా గొంతు నాకు వినిపించింది.

"ఎక్కుతారవ్వా. ఈ పొద్దు ఎక్కుతారు. ఎక్కకుంటే నా సీటు కూడా నువ్వే తీసుకో. ఇప్పుడు ఇట్ల, నా పక్కన రవ్వంత సర్దుకో."

ముసలామె గొణుక్కుంటూ నా సీటు చివర సగం మనిషిగా కూర్చుంది. "ఎవురో మహారాజు మాదిరి ఉండాడు," అంది. మహారాజు కాదు, మహారాణి అనుకున్నాను.

పెనుకొండ వచ్చింది. కొండ కిటికీలోకి వచ్చింది. గుండెను గుప్పిట్లో పట్టుకునే ఆ చెయ్యి కూడా వచ్చింది. కాళ్ళు లేవబోయాయి. మూడు దినాలు అలవాటైన దారి కదా, వాకిలి వైపు వాటంతటవి తిరిగాయి. లేస్తే, ఆ సీటు దగ్గర మాట చెప్పేవాడు ఎవడు? ఆమె వచ్చేసరికి తువ్వాల ఉండి నేను లేకుంటే? ఆ ఒక్క ఆలోచన నా నడుమును సీటుకు కట్టేసింది. జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు. ఆమె కనపడలేదు. గార్డు ఈల వేశాడు.

తువ్వాల కదిలింది.

గాలికి కాదు. కొన బిగుసుకుంది. సీటు మీద గుడ్డ జరజరా జరిగి వచ్చి నా మోకాళ్ళ మీద పడింది.

రెండేళ్ళుగా నా గొంతులో అడ్డంపడి ఉన్నదేదో తెగింది. "ఎవురది," అని అరిచాను, పెట్టె మొత్తం తిరిగి చూసేలాగ, "సంతలో గొర్రె తాడు లాగినట్టు లాగుతాండేది?"

కిటికీ అవతల అంజనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కళ్ళు మాత్రం నవ్వడం లేదు. పరుగెత్తి ఎక్కింది. జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఆ సీటు ముందు నిలబడి, కూర్చోబోయే ముందు చేత్తో దాన్ని ఒకసారి తడిమింది. తర్వాత కూర్చుంది.

"ఈమెనా?" అంది ఆదెమ్మ. "ముందే ఆడకూతురని చెప్తే నేను నోరెత్తనే ఎత్తను కదరా!"

రైలు ఊరు దాటుతోంది. అంజనమ్మ కిటికీ వైపు తిరిగింది, పెదవులు కదిలించింది, మాట రాలేదు. నేనే చెప్పాను కొండకు: "పోయొస్తాం సామీ, ఇల్లు చూసుకో."

మోకాళ్ళ మీద తువ్వాల పరిచి క్యారియరు విప్పాం. ఊరిబిండి డబ్బా మూత ఆమె తీసింది. వేలితో కొంచెం నాకి చూసింది. ఇంకొంచెం నాకింది. "నిజమేలే," అంది ఆఖరికి. "నేను ఇట్ల నూరలేను." ఆదెమ్మకు కూడా ఒక ముద్ద పెట్టాం. మలుగూరు వచ్చేదాకా ఆమె రైల్లో భయపడింది లేదు. నేనూ అంతే. ఆ గంటసేపు నారాయణన్న పోలేదు, పక్క పెట్టెలో ఎవరితోనో మాట్లాడుతున్నాడంతే.

మిల్లు గేటు దగ్గర నా నుదుటికి తుపాకీలాంటిది పెట్టి జ్వరం చూశారు. చేతుల మీద నీళ్ళలాంటిది పోశారు. ఆఫీసు నిండా గాజు అడ్డాలు పెట్టారు. గాజు వెనక కొత్త మొహాలు. వాటిలో ఒక్కటీ నా వైపు తిరగలేదు. ఇన్నాళ్ళూ నేను భయపడింది వీళ్ళ చూపులకా అని నవ్వొచ్చింది, కొంచెం కోపం కూడా వచ్చింది.

మా గది వాకిట్లో ఇద్దరం ఆగిపోయాం. టేబులు అదే. ముద్రలు అవే. కుర్చీ ఒకటే. కిటికీ పక్కన, పొట్టికాలు కింద నా అట్టముక్కతో. గోడ వైపు, నారాయణన్న కుర్చీ ఉన్నచోట, నేల మీద కాళ్ళు ఒరుసుకున్న నాలుగు మచ్చలు మాత్రం ఉన్నాయి.

"పోయి కూర్చో," అంది అంజనమ్మ నా వెనక నుంచి. "నీదే కదా."

"నువ్వు?"

"నేను నిలబడతా. అలవాటే."

అప్పుడే బసవరాజు సారు వచ్చాడు. నన్ను చూసి కళ్ళద్దాలు పైకి తోశాడు. "ఏనప్పా మారుతీ! నువ్వు రావనుకుంటిని." తర్వాత వెనకున్న అంజనమ్మను చూశాడు. మొహంలో నవ్వు పోయింది. "ఇద్దరూ కలిసే వచ్చినారా? చూడప్పా, నా చేతిలో ఏం లేదు. పైనోళ్ళ మాట. ఆ కుర్చీలో ఎవురు కూర్చుంటే వాళ్ళ పేరు ఇప్పుడే పైకి చెప్పేస్తా. రేపటి దాంక కూడా అక్కర్లేదు. ఎవురు?"

గుడ్ మార్నింగ్ చెప్పడం మర్చిపోయాను. గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. నేను గదిలోకి నడిచాను. కుర్చీ ముందు నిలబడ్డాను. భుజం మీంచి ఎర్రంచు తువ్వాల తీశాను. మడతలు విప్పి, దులిపి, ఆ కుర్చీ మీద పరిచాను. ఒక కొన కిటికీ ఊచల్లోంచి బయటికి వదిలాను. పక్కకు తప్పుకున్నాను.

బసవరాజు సారు తువ్వాలను చూశాడు. నన్ను చూశాడు.

"ఏమిది మారుతీ? ఎవురికి పెడతాండావు ఆ సీటు?"

మగ్గం ముందర ఎన్నిసార్లు పిలిచినా రాని గొంతు, అప్పుడు పిలవకుండానే వచ్చి నిలబడింది. నోరు తెరిచాను.